చైనా చరిత్ర చదివేటప్పుడు పేర్లు, బిరుదులు పోల్చుకోవడం ఎలా

సోంగ్ రాజవంశం గురించి రెండు మూడు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకదానిలో వాంగ్ అన్‌షి రైతులకు ప్రభుత్వ అప్పులు ఇప్పించాడని ఉంటుంది. ఇంకోదానిలో జియెఫు స్నేహితుడికి ఉత్తరం రాశాడని, మరోచోట లిన్‌చువాన్ కవిత్వం మీద వ్యాఖ్య, వేరొకచోట జింగ్ గోంగ్ సంస్కరణల మీద విమర్శ కనిపిస్తాయి. చివర్లో బాన్‌షాన్ అనే వృద్ధుడు కూడా వస్తాడు. ఈ ఐదుగురూ ఒక్క మనిషే, 1086లో చనిపోయిన ఒకే మంత్రి. ఆ సంగతి తెలియక చాలామంది పాఠకులు మూడో అధ్యాయంలోనే పుస్తకం మూసేస్తారు. అంత మంచి చరిత్ర పేర్ల దగ్గరే ఆగిపోకూడదని ఇది రాస్తున్నాను.

ఈ పేర్లను బట్టీ పట్టాల్సిన పని లేదు. కొత్త పేరు ఎదురైనప్పుడల్లా రెండే ప్రశ్నలు వేసుకోండి: ఈ పేరు ఎవరు పెట్టారు? ఆ మనిషి జీవితంలో ఎప్పుడు పెట్టారు? పైన చెప్పిన ఐదు పేర్లలో అన్‌షి పుట్టాక ఇంట్లో పెట్టినది, జియెఫు పెద్దవాడయ్యాక వచ్చినది, లిన్‌చువాన్ సొంత ఊరు, జింగ్ గోంగ్ చక్రవర్తి ఇచ్చిన బిరుదు, బాన్‌షాన్ పదవి వదిలేశాక ఉన్న చోటును బట్టి ఆయనే పెట్టుకున్నది. కింది అడుగులన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు ఇంటిపేరు విడదీయండి

మనలాగే వాళ్లకీ ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఇంగ్లిష్ పాఠకులకు తలకిందులుగా అనిపించే ఈ వరుస తెలుగువాళ్లకు పుట్టుకతో అలవాటైనదే. ఇంటిపేరు ఎక్కువగా ఒక్క చైనీస్ అక్షరమే ఉంటుంది: లీ, వాంగ్, లియు, జూ, సు. రెండక్షరాల ఇంటిపేర్లు కొన్నే ఉన్నా, అవి తరచుగా ఎదురవుతాయి. సిమా, జూగె, ఓయాంగ్ అనే మూడూ గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. మూడు రాజ్యాల కాలపు మంత్రి జూగె లియాంగ్‌ను "జూ" అనో, హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియెన్‌ను "సి" అనో కుదిస్తే మనిషే మారిపోతాడు.

రాసేటప్పుడు మొదటిసారి పూర్తి పేరు రాయండి, తరువాత కూడా వీలైనంత వరకు పూర్తి పేరే వాడండి. ఒక్క అక్షరం ఇంటిపేరును విడిగా పలకడం చైనీయులకు అలవాటు లేదు. పక్కన పదవో, వరసో చేరుస్తారు. మన పత్రికలు ఇప్పటి అధ్యక్షుణ్ని "జిన్‌పింగ్" అని రాస్తుంటాయి. అది సొంత పేరు. దాన్ని ఒంటరిగా పిలిచే చనువు అక్కడ ఇంట్లోవాళ్లకూ దగ్గరివాళ్లకూ మాత్రమే ఉంటుంది.

బౌద్ధ భిక్షువులకు ఈ సూత్రం వర్తించదు. సన్యాసం తీసుకున్న రోజే ఇంటిపేరు పోతుంది. మనం బడిలో హ్యుయాన్‌త్సాంగ్ అని చదువుకున్న యాత్రికుడు, వేంగినీ ధాన్యకటకాన్నీ చూసి వెళ్లిన శువాన్‌జాంగ్, పుట్టుకతో చెన్ ఇంటివాడు. శువాన్‌జాంగ్ అనేది మొత్తంగా ఒకే దీక్షానామం. దాన్ని రెండు ముక్కలు చేసి "శువాన్ గారు" అనకూడదు. ఆయన్నే "సాన్‌జాంగ్" అని కూడా అంటారు. అది త్రిపిటకాలు తెలిసిన పండితుడని చెప్పే గౌరవ బిరుదు.

2. ఇరవై ఏళ్లకు వచ్చిన రెండో పేరు పట్టుకోండి

పుట్టినప్పుడు పెట్టేది "మింగ్". పాత ఆచారం ప్రకారం అబ్బాయికి 20 ఏళ్లు నిండాక తలపాగా పెట్టే వేడుక చేసి "జి" అనే గౌరవ నామం ఇచ్చేవారు. అమ్మాయికి 15 ఏళ్లప్పుడు జుట్టు ముడివేసి పిన్ను పెట్టే వేడుక ఉండేది. అప్పటి నుంచి తోటివాళ్లు గౌరవ నామంతోనే పిలవాలి. తల్లిదండ్రులు, గురువు, రాజు మింగ్‌తో పిలవవచ్చు. సమానుడు ముఖం మీద మింగ్‌తో పిలిస్తే అవమానం కిందే లెక్క. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు మాత్రం మనిషి మింగ్ వాడతాడు, అది వినయం. 227లో జూగె లియాంగ్ యువ చక్రవర్తి లియు షాన్‌కు సమర్పించిన ప్రసిద్ధ విజ్ఞాపనలో తనను తాను లియాంగ్ అనే చెప్పుకుంటాడు. స్నేహితులకు ఆయన కోంగ్‌మింగ్.

ఇది తెలిశాక పాత గ్రంథాల్లో సంభాషణలు కొత్తగా వినిపిస్తాయి. శత్రువు మింగ్‌తో పిలిచాడంటే తిడుతున్నాడని, అదే శత్రువు గౌరవ నామానికి మారాడంటే మెత్తబడుతున్నాడని కథకుడు చెప్పకుండానే తెలిసిపోతుంది. అనువాదకులు తికమక తగ్గించడానికి అన్నిచోట్లా ఒకే పేరు పెడితే ఈ మలుపులన్నీ చెరిగిపోతాయి. నాకు అది చాలా బాధ కలిగించే విషయం. మీరు తెలుగులోకి తెస్తున్నట్టయితే రెండు పేర్లూ ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో పరిచయం చేయండి. పాఠకులు అందుకోగలరు.

గౌరవ నామాన్ని గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. మొదటిది, దాని అర్థం మింగ్ అర్థానికి తోడుగా ఉంటుంది. లియాంగ్ అంటే వెలుగు, కోంగ్‌మింగ్ అంటే గొప్ప వెలుగు. సేనాని యువె ఫెయ్ పేరులో ఎగరడం ఉంటే, ఆయన గౌరవ నామం పెంగ్‌జులో రెక్కలెత్తే మహాపక్షి ఉంది. రెండోది ఇంకా ఉపయోగకరం: మొదటి అక్షరం అన్నదమ్ముల వరుస చెప్పవచ్చు. బో పెద్దవాడు, జోంగ్ రెండోవాడు, షు మూడోవాడు, జి (గౌరవ నామం అనే జి కాదు, వేరే అక్షరం) ఆ తరువాతివాడు. మూడు రాజ్యాల కాలంలో సున్ సోదరులను చూడండి: సున్ త్సె బోఫు, సున్ చువాన్ జోంగ్‌మో, సున్ యి షుబి, సున్ క్వాంగ్ జిజువొ. నాలుగు పేర్లు చదివితే ఎవరి తరువాత ఎవరో ఇట్టే తెలిసిపోయింది. కన్ఫ్యూషియస్ సొంత పేరు కోంగ్ చియు, గౌరవ నామం జోంగ్‌ని. ఆయనకు ఒక అన్న ఉన్నాడని ఆ జోంగ్ చెబుతోంది. మనం వాడే కన్ఫ్యూషియస్ మాత్రం "కోంగ్ గురువు గారు" అనే అర్థం ఉన్న కోంగ్ ఫుజికి జెసూట్ మతాచార్యులు తొడిగిన లాటిన్ రూపం.

3. మిగతా పేర్లను ఊరు, కొలువు, కలం అని మూడు గంపల్లో వేయండి

"హావో" అనేది మనిషి తనకు నచ్చి పెట్టుకున్న పేరు. కవి సు షి రాజకీయంగా దెబ్బతిని హువాంగ్‌జోలో ప్రవాసం ఉన్నప్పుడు ఊరికి తూర్పున వాలుగా ఉన్న నేలను సాగుచేసుకుని తనను దోంగ్‌పో అని పిలుచుకున్నాడు. దోంగ్‌పో అంటే తూర్పు వాలు. ఆయన రచనలో ఈ పేరు కనబడితే అది ప్రవాసంలోకి వెళ్లిన తరువాతిదని ఊహించవచ్చు. "జుషి" అనే మాట చివర ఉంటే అది హావోనే. ఇంట్లో ఉంటూ బౌద్ధం పాటించేవాడని దాని మూలార్థం. కవులు విరివిగా పెట్టుకున్నారు. కవయిత్రి లీ చింగ్‌జావో కూడా యి-అన్ జుషినే.

కొలువుతో పిలవడం కూడా మామూలే. తాంగ్ కాలపు కవి దు ఫుకు నిర్మాణశాఖలో నామమాత్రపు పదవి ఉండేది కాబట్టి దు గోంగ్‌బు అయ్యాడు. అదే కాలపు రచయిత హాన్ యును వంశం మూలస్థానంగా చెప్పుకున్న చోటును బట్టి హాన్ చాంగ్‌లి అంటారు. ఇవన్నీ ఇంటిపేరుతో మొదలవుతాయి కాబట్టి మోసపోవడం తేలిక, మరో మనిషేమో అనిపిస్తుంది. ఇంటిపేరు ఒకటే అయి, కాలమూ సందర్భమూ సరిపోతుంటే ఒకసారి సరిచూసుకోండి.

4. చక్రవర్తి పేరు ఏ రకమో తేల్చుకోండి

అసలు గందరగోళం ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చదవండి.

చక్రవర్తిని సొంత పేరుతో పిలవడం నేరం. అందుకే చరిత్రలో ఆయనకు మూడు రకాల పేర్లు మిగిలాయి. మరణానంతర నామం, అంటే చనిపోయాక ఆస్థానం నిర్ణయించే గుణవాచకం. ఆలయ నామం, అంటే పూర్వీకుల మందిరంలో పూజలు అందుకునే పేరు. శకనామం, అంటే ఆయన పాలనలో సంవత్సరాలు లెక్కించడానికి ప్రకటించిన పేరు. ఏ వంశానికి ఏది వాడుకలో నిలిచిందో గుర్తుంటే చాలు. హాన్ నుంచి సుయి దాకా మరణానంతర నామం: హాన్ వూ ది, సుయి యాంగ్ ది. తాంగ్ నుంచి యువాన్ దాకా ఎక్కువగా ఆలయ నామం: తాంగ్ తైజోంగ్, సోంగ్ తైజు. మింగ్ (ఇది వంశం పేరు, సొంత పేరు అనే మింగ్ కాదు), చింగ్ వంశాలకు శకనామం: యోంగ్‌లె, కాంగ్‌శీ, చియెన్‌లోంగ్. చివర "ది" ఉంటే మొదటి రకం, "జు" గాని "జోంగ్" గాని ఉంటే రెండో రకం.

ఇలా మారడానికి కారణం ఉంది. మరణానంతర నామం మొదట్లో ఒకటి రెండు అక్షరాలే. తాంగ్ కాలం నుంచి పొగడ్తలు చేరుతూ చేరుతూ చింగ్ కాలానికి ఇరవై అక్షరాలు దాటింది. అంత పొడవు పేరు ఎవరూ పలకలేరు. శకనామాలేమో మొదట్లో తరచూ మారేవి, హాన్ వూ ది ఒక్కడి పాలనలోనే పదకొండు ఉన్నాయి. 1368లో మింగ్ వంశం స్థాపించిన జూ యువాన్‌జాంగ్ పాలనకు ఒకే శకనామం అనే పద్ధతి పెట్టాడు. అందుకే ఆయన హోంగ్‌వూ చక్రవర్తి. దీనికి ఒక మినహాయింపు ఉంది. 1449లో మంగోలులకు చిక్కి, తిరిగొచ్చి, 1457లో మళ్లీ గద్దెనెక్కిన జూ చిజెన్‌కు జెంగ్‌తోంగ్, తియెన్‌షున్ అని రెండు శకనామాలు. పట్టికలో వీటిని ఇద్దరు రాజులుగా రాసుకోకండి.

"కాంగ్‌శీ చక్రవర్తి" అని రాయండి, "చక్రవర్తి కాంగ్‌శీ" అని వద్దు. కాంగ్‌శీ ఆయన పేరు కాదు, ఆయన కాలం పేరు. ఆయన సొంత పేరు శువాన్‌యె.

మరణానంతర నామంలో తీర్పు ఉంటుంది. వెన్, వూ మెచ్చుకోళ్లు. లి, యాంగ్, లింగ్ లాంటివి నిందలు. సుయి వంశపు రెండో చక్రవర్తి యాంగ్ గువాంగ్‌ను మనం యాంగ్ ది అంటున్నామంటే, ఆయన రాజ్యం తీసుకున్న తాంగ్‌వాళ్ల మాటనే పలుకుతున్నామన్నమాట. ఆయన మనవడు యాంగ్ తోంగ్ పెట్టిన పేరు మింగ్, అంటే తేజోవంతుడు. ఓడినవాడు పెట్టిన పేరు పుస్తకాల్లో నిలవలేదు. క్రీ.పూ. 221లో చక్రవర్తి అయిన చిన్ షి హువాంగ్ ఈ ప్రమాదం ముందే గ్రహించాడు. కొడుకు తండ్రిని, ప్రజ రాజును తూచడం కుదరదని మరణానంతర నామాలనే రద్దుచేసి, తాను మొదటివాడు, తరువాత రెండోవాడు, అలా పదివేల తరాలు అని ప్రకటించాడు. రెండోవాడి తరువాత వంశమే కూలింది, హాన్ వంశం పాత ఆచారాన్ని మళ్లీ తెచ్చింది.

ఆలయ నామం కూడా శాశ్వతం కాదు. యోంగ్‌లె చక్రవర్తి జూ ది 1424లో చనిపోయాక ఆయనకు తైజోంగ్ అని పెట్టారు. 1538లో జియాజింగ్ చక్రవర్తి దాన్ని చెంగ్‌జుగా మార్చాడు. ఆ లోపు రాసిన మింగ్ గ్రంథంలో తైజోంగ్ అని ఉంటే అది జూ దినే.

ఆలయ నామాలు, మరణానంతర నామాలు వంశవంశానికీ తిరిగి వస్తాయి కాబట్టి ముందు వంశం పేరు తప్పనిసరి. ఒట్టి వూ ది అంటే హాన్ లియు చెనా, జిన్ సిమా యెన్‌నా, లియాంగ్ శియావో యెన్‌నా? తెలుగు లిపిలో ఇంకో చిక్కు ఉంది. తాంగ్ వంశంలోనే ఇద్దరు శువాన్‌జోంగ్‌లు ఉన్నారు. చైనీస్ అక్షరాలు వేరు, స్వరం వేరు, మన రాతలో రెండూ ఒకటే. 712 నుంచి 756 దాకా ఏలిన లీ లోంగ్‌జి ఒకరు, 846 నుంచి 859 దాకా ఏలినవాడు ఇంకొకరు. ఏళ్లు పక్కన రాయడం తప్ప వేరే దారి లేదు.

5. శకనామాన్ని క్రీస్తుశకంలోకి మార్చండి

ఇది చేతికి రావాల్సిన విద్య, నిజానికి తేలికే. కొత్త చక్రవర్తి ఎప్పుడు గద్దెనెక్కినా, అతని శకం సాధారణంగా తరువాతి చాంద్రమాన సంవత్సరాదితో మొదలవుతుంది. శకం మొదటి సంవత్సరంలో ఒకటి తీసేసి, కావలసిన ఏటి సంఖ్య కలపండి. కాంగ్‌శీ తండ్రి 1661లో పోయాడు, కాంగ్‌శీ 1 అంటే 1662. కాంగ్‌శీ 61 కావాలంటే 1661కి 61 కలిపితే 1722. తాంగ్ తైజోంగ్ శకనామం జెన్‌గువాన్ 1 అంటే 627, కాబట్టి శువాన్‌జాంగ్ భారతదేశం నుంచి తాంగ్ రాజధాని చాంగ్-అన్ చేరిన జెన్‌గువాన్ 19 అంటే 645. వాన్‌లీ 1573లో, చియెన్‌లోంగ్ 1736లో మొదలవుతాయి. చాంద్రమాన సంవత్సరం జనవరి చివరో, ఫిబ్రవరిలోనో మొదలవుతుంది కనుక పన్నెండో నెల సంఘటనలు సాధారణంగా మరుసటి క్రీస్తు సంవత్సరంలో పడతాయి. అక్కడ జాగ్రత్త.

ఒక్కోసారి లెక్క సరిపోదు, అక్కడే చరిత్ర దాగి ఉంటుంది. హోంగ్‌వూ చక్రవర్తి 1398లో, అంటే హోంగ్‌వూ 31లో చనిపోయాడు. కానీ కొన్ని పత్రాల్లో హోంగ్‌వూ 35 కనిపిస్తుంది. అది 1402. అన్న కొడుకును దించి గద్దెనెక్కిన జూ ది, ఆ కుర్రవాడి జియెన్‌వెన్ శకం అసలు లేనేలేదన్నట్టు తండ్రి శకాన్నే సాగదీశాడు.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ చూసేటప్పుడు ఈ విద్య పనికొస్తుంది. ఇలాంటి పాత్రల అడుగున తరచుగా ఆరు అక్షరాల ముద్ర ఉంటుంది: "మహా మింగ్, శువాన్‌దె సంవత్సరాల్లో తయారైంది" అన్న ధోరణిలో. వంశం రెండక్షరాలు, శకనామం రెండు, చివరి రెండు తయారీ గురించి. శువాన్‌దె అంటే 1426 నుంచి 1435. అయితే ముద్రను వెంటనే నమ్మకండి. కాంగ్‌శీ కాలపు కుమ్మరులు పూర్వుల మీద గౌరవంతో మింగ్ కాలపు చెంగ్‌హువా ముద్ర వేసిన పాత్రలు ఎన్నో ఉన్నాయి.

శకనామం లేకుండా శిన్‌హాయ్, గెంగ్‌జి లాంటి మాట ఉంటే అది అరవై ఏళ్ల చక్రంలో ఒక సంవత్సరం పేరు. మన ప్రభవ, విభవల లాంటిదే. మన చక్రం 1987లో, వాళ్లది 1984లో మళ్లీ మొదలైంది. చక్రవర్తుల పాలనను ముగించిన శిన్‌హాయ్ విప్లవం 1911.

6. అక్షరం మారిందేమో చూడండి

చక్రవర్తి సొంత పేరులోని అక్షరం దేశంలో ఎవరూ రాయకూడదు. దాని బదులు ఇంకో అక్షరం పెట్టాలి, లేదా ఒక గీత తగ్గించాలి, లేదా ఖాళీ వదలాలి. తాంగ్ తైజోంగ్ పేరు లీ షిమిన్. అందులోని "మిన్" అంటే ప్రజలు. ఆయన తరువాత ప్రజల శాఖ కాస్తా కుటుంబాల శాఖ, హుబు, అయింది. ఆ పేరే చింగ్ కాలం చివరిదాకా నడిచింది. కాంగ్‌శీ పేరులోని "శువాన్" వల్ల బీజింగ్‌లోని రాజప్రాసాదం, నిషిద్ధ నగరం, ఉత్తర ద్వారం శువాన్‌వూ నుంచి షెన్‌వూగా మారింది. చింగ్ కాలపు ముద్రణల్లో మన యాత్రికుడి పేరులో కూడా శువాన్ బదులు యువాన్ అచ్చయింది. కాబట్టి పాత పుస్తకాల్లో యువాన్‌తో మొదలయ్యే రూపం కనబడితే వేరే భిక్షువు అనుకోకండి.

ఇదంతా మర్యాదల వ్యవహారమే అని తేలిగ్గా తీసుకోవద్దు. 1777లో వాంగ్ శిహో అనే పండితుడు తన నిఘంటువులో చక్రవర్తుల పేర్లను మార్చకుండా పూర్తిగా అచ్చువేసినందుకు చియెన్‌లోంగ్ అతనికి మరణశిక్ష విధించాడు. చరిత్రకారులు మాత్రం ఈ నిషేధాన్నే పనిముట్టుగా చేసుకున్నారు. ఏ అక్షరం మార్చారో చూసి తేదీ లేని ప్రతి ఏ కాలానిదో చెబుతారు.

7. స్త్రీల పేర్ల దగ్గర ఆగండి

పెళ్లయినా ఇంటిపేరు మారదు. కానీ చాలామంది సొంత పేర్లు చరిత్ర రాసుకోలేదు, "ఫలానా ఇంటి ఆడపడుచు" అని పుట్టింటిపేరు పక్కన "షి" చేర్చి వదిలేసింది. దాన్ని పేరుగా అనువదించకండి, "వాంగ్ ఇంటి ఆడపడుచు" అని విప్పి రాయండి. అన్న బాన్ గు మొదలుపెట్టిన హాన్ చరిత్రను పూర్తిచేసిన బాన్ జావోకు సొంత పేరు, గౌరవ నామం రెండూ దక్కాయి. అయినా ఆస్థానంలో ఆమెను అత్తింటి పేరుతో త్సావో దాగు అనేవారు.

చైనాను చక్రవర్తిగా ఏలిన స్త్రీ వూ జెతియెన్ విషయంలో జెతియెన్ అన్న మాట 705లో గద్దె దిగాక ఇచ్చిన బిరుదు నుంచి వచ్చింది. అధికారంలో ఉండగా ఆమె తనకోసం సృష్టించిన ఒక కొత్త అక్షరంతో వూ జావో అని పెట్టుకుంది. త్సిశీ కూడా పేరు కాదు. 1861లో రాజమాతగా వచ్చిన గౌరవ బిరుదులో మొదటి రెండు అక్షరాలు. శుభ సందర్భాల్లో రెండేసి అక్షరాలు చేరుతూ ఆ బిరుదు పదహారు అక్షరాలకు పెరిగింది.

8. బిరుదుకు తెలుగు మాట ఎంచుకునే ముందు సంవత్సరం చూడండి

"వాంగ్" అనే బిరుదును ఎప్పుడూ రాజు అని రాయడం పెద్ద పొరపాటు. క్రీ.పూ. 221కి ముందు వాంగ్ అంటే రాజే. ఆ ఏడు చిన్ పాలకుడు తనకు "హువాంగ్‌ది" అనే కొత్త బిరుదు కల్పించుకున్నాక వాంగ్ దిగువ స్థాయికి జారింది. హాన్ కాలం నుంచి ఎక్కువగా చక్రవర్తి కొడుకులకు, తమ్ముళ్లకు ఇచ్చేది. కాబట్టి ముందు "రాజు", తరువాత "రాజకుమారుడు" అని వాడండి. గోంగ్, హో, బో, జి, నాన్ అనే ఐదు అంతస్తులను ఇంగ్లిష్ డ్యూక్, మార్క్విస్‌లలోకి తెచ్చి మళ్లీ తెలుగులో పెట్టడం కంటే అలాగే ఉంచి వరుస చెప్పడం మేలు. "గోంగ్" ఒక్కోసారి పెద్దల పట్ల మామూలు గౌరవం కూడా.

9. ఒక మనిషికి ఒక చీటీ రాసుకోండి

మింగ్ తత్వవేత్త వాంగ్ యాంగ్‌మింగ్‌తో మొదలుపెట్టండి. సొంత పేరు వాంగ్ షోరెన్. గౌరవ నామం బో-అన్, అందులోని బో పెద్ద కొడుకని చెబుతుంది. హావో యాంగ్‌మింగ్, శిష్యుల వల్ల లోకమంతా అదే నిలిచింది. బిరుదు శిన్‌జియెన్ బో. మరణానంతర నామం వెన్‌చెంగ్. జీవితకాలం 1472 నుంచి 1529. చీటీలో ప్రతి పేరు పక్కన ఎవరు పెట్టారో రాయండి. పుస్తకం చివర సూచికలో వాంగ్ షోరెన్ కింద అన్నీ చేర్చి, మిగతా పేర్ల దగ్గర "వాంగ్ షోరెన్ చూడండి" అని పెట్టండి. ఇరవయ్యో శతాబ్దం వాళ్లకూ ఇదే పద్ధతి: మావో జెదోంగ్ గౌరవ నామం రున్‌జి, మనం సన్ యట్ సేన్ అనే నాయకుడు చైనాలో సున్ జోంగ్‌షాన్.

ఇంగ్లిష్ పుస్తకం నుంచి పేరు దించుకునేటప్పుడు చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే ఏ పద్ధతిలో ఉందో చూసుకోండి. 1958లో వచ్చిన పిన్‌యిన్‌లో క్యూ అక్షరం "చిలుక"లోని చ, ఎక్స్ అక్షరం "శివ"లోని శ, సీ అక్షరం "చలి"లోని చ, జెడ్ అక్షరం "జడ"లోని జ పలుకుబడికి దగ్గర. పాత వేడ్-గైల్స్ పద్ధతిలో జూగె లియాంగ్ "చు-కో లియాంగ్"గా కనిపిస్తాడు. చీటీలో ఆ పాత రూపానికి కూడా ఒక వరుస కేటాయించండి.